ఆసుపత్రి గుమ్మం దగ్గర భాష తెలిసిన మనిషి ఉండాలి

2023 ఫిబ్రవరిలో విజయనగరం దగ్గర ఒక గిరిజనుడు భార్య మృతదేహాన్ని భుజాన వేసుకుని రోడ్డు వెంట నడిచి వెళ్తుంటే, చూసినవారు పోలీసులకు కబురు చేశారు. ఆయనది మన కోరాపుట్ జిల్లా పొట్టంగి ప్రాంతం. విశాఖ సమీపంలోని ఆసుపత్రిలో భార్యను చేర్చాడు. వైద్యానికి ఆమె స్పందించడం లేదని, ఇంటికి తీసుకెళ్లమని అక్కడ చెప్పారు. ఆటోలో తిరిగి వస్తుండగా దారిలోనే ఆమె చనిపోయింది. ఆటో డ్రైవరు మధ్యలో దింపేసి వెళ్లిపోయాడు. పోలీసులకు మొదట ఆయన మాట అర్థం కాలేదు. ఒడియా తెలిసిన మనిషిని పట్టుకున్నాకే సంగతి తెలిసింది. అప్పుడు వాహనం ఏర్పాటు చేసి ఊరికి పంపించారు.

ఆ పోలీసులను అందరూ మెచ్చుకున్నారు. మెచ్చుకోవలసిందే. కానీ ఆ ఒడియా తెలిసిన మనిషి ఆసుపత్రి గుమ్మం దగ్గరే ఉండి ఉంటే ఆయనకు అంత అవస్థ వచ్చేదా? ఊరు ఎంత దూరం, చేతిలో డబ్బు ఎంత ఉంది, ఏ బండిలో వెళ్తారు అని అక్కడే అడిగేవాడు కదా.

అలా అడగడానికి ఒక ఉద్యోగమే ఉంది. దాని పేరు మెడికల్ సోషల్ వర్కర్. 1895లో లండన్ రాయల్ ఫ్రీ ఆసుపత్రిలో ఇటువంటి పనికి తొలిసారి ఒక మహిళను నియమించారు. 1905లో బోస్టన్‌లో డాక్టర్ రిచర్డ్ కాబట్, రోగి ఇంటి పరిస్థితి తెలియకుండా మందు రాసి ప్రయోజనం లేదని తన ఆసుపత్రిలో ఈ పని మొదలుపెట్టించారు. మన దేశంలో 1946లో బొంబాయి జె.జె. ఆసుపత్రిలో ఈ ఉద్యోగం వచ్చింది. జబ్బు సంగతి డాక్టరు చూస్తాడు. జబ్బు పడ్డ కుటుంబం సంగతి ఈ ఉద్యోగి చూస్తాడు.

మాజీ సైనికుల విషయంలో ప్రభుత్వం ఈ పనిని కొంత పద్ధతిలో పెట్టింది. సైనిక సంక్షేమ కార్యాలయాలు ఉన్నాయి. 2003 నుంచి ఈసీహెచ్‌ఎస్ పేరుతో వైద్య పథకం ఉంది. సైనికుడి భార్యకు కనీసం ఏ తలుపు తట్టాలో తెలుసు. పొట్టంగి కొండ మీది రైతుకు అదీ తెలియదు.

మనవాళ్లు వైద్యానికి విశాఖ వైపే చూడటం కొత్త కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేవరకు ఈ ప్రాంతం విశాఖపట్నం జిల్లాలోదే. 2017లో కోరాపుట్‌లో శహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల వచ్చినా, పెద్ద జబ్బు అనగానే రాయగడ నుంచి రైలెక్కేవారు, సుంకి ఘాటీ దిగి సాలూరు మీదుగా వెళ్లేవారు ఇప్పటికీ ఉన్నారు.

కార్డుల ఇబ్బంది కొంత తగ్గింది. 2025 ఏప్రిల్ నుంచి ఒడిశాలో ఆయుష్మాన్ భారత్, గోపబంధు జన ఆరోగ్య యోజన కలిపి అమలవుతున్నాయి. కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, మహిళలకు అదనంగా మరో 5 లక్షలు. ఆంధ్రలో 2007లో ఆరోగ్యశ్రీతో పాటు ఆసుపత్రుల్లో ఆరోగ్యమిత్రలు వచ్చారు. మంచి ఏర్పాటే. కానీ వారి పని ఎక్కువగా కార్డు, అనుమతుల చుట్టూ తిరుగుతుంది. కార్డు బిల్లు కడుతుంది గాని, డాక్టరు మాటను రోగి భాషలో చెప్పదు.

ఆ లోటును ఇన్నాళ్లూ మన తెలుగు సంఘాలవాళ్లం తోడు వెళ్లి తీరుస్తున్నామని చెప్పుకుంటున్నాం. నేనూ చెప్పుకున్నాను. కొన్నేళ్ల కిందట కాశీపురం వైపునుంచి వచ్చిన ఒక తల్లీబిడ్డలకు తోడుగా విశాఖ వెళ్లాను. బిడ్డకు క్షయ. డాక్టరు తెలుగులో చెప్పింది నేను ఒడియాలో చెప్పాను. ఆ తల్లి ప్రతిదానికీ తల ఊపింది. అర్థమైందని డాక్టరుతో అన్నాను. ఆమెకు బాగా వచ్చినది కువి ఒక్కటే. జ్వరం తగ్గగానే మాత్రలు ఆపేశారని తర్వాత తెలిసింది. ఆరు నెలలు వాడాలన్న మాట ఆమెకు చేరనే లేదు. మళ్లీ మొదటినుంచి వైద్యం చేయించవలసి వచ్చింది. తప్పు నాదే. ముప్పై ఏళ్లు ఫైళ్లు రాసినవాణ్ణి, దరఖాస్తు నింపగలను. తల ఊపడానికీ అర్థం కావడానికీ తేడా కనిపెట్టే శిక్షణ నాకు లేదు.

కాబట్టి సేవాభావం ఒక్కటే చాలదు. రాయగడ జిల్లా ఆసుపత్రిలో, కోరాపుట్ వైద్య కళాశాల ఆసుపత్రిలో కువి, దేశియా, తెలుగు తెలిసిన సోషల్ వర్కర్లను రోగుల రద్దీకి తగినంతమందిని జీతమిచ్చి నియమించాలి. విశాఖ పెద్దాసుపత్రిలో ఒడియా తెలిసినవారు పగలూ రాత్రీ అందుబాటులో ఉండాలి. ఇందుకు రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ మాట్లాడుకోవాలి. ఈ అర్జీ మన సంఘాలన్నీ కలిసి ఇవ్వాలి.

మనవంతు పనీ ఒకటుంది. మన పిల్లలకు తెలుగు, ఒడియా రెండూ వచ్చు. కువి కూడా మన తెలుగు కుటుంబపు భాషే, నేర్చుకుంటే వస్తుంది. డిగ్రీ అయినవారిని సోషల్ వర్క్ కోర్సుకు పంపుదాం. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆ శాఖ ఉంది. ఫీజు కట్టలేనివారికి ఉగాది ఖర్చులోంచి కొంత తీసి పెడదాం. ఈ సంవత్సరం వేదిక కాస్త చిన్నదైనా నష్టం లేదు.