ఫణిగిరికి న్యూయార్క్ మెప్పు, నాంపల్లికి మన మరపు

2023లో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం తొలినాటి బౌద్ధ కళ మీద పెద్ద ప్రదర్శన పెట్టి, సూర్యాపేట జిల్లా ఫణిగిరి శిల్పాలను అందులో నిలిపింది. మన పత్రికలు పొంగిపోయాయి. సంతోషమే. కానీ నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంలో బౌద్ధ శిల్పాలున్నాయన్న సంగతి ఆ వార్తలు రాసినవాళ్లలో ఎందరికి గుర్తొచ్చింది? పరాయివాళ్లు మెచ్చితే తప్ప మనది మన కంటికి ఆనదు. ఈ చిన్నచూపే కళా చరిత్ర రాతలకూ పాకింది. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాలు తిరగేయండి. గాంధారకు, మథురకు పేజీలకు పేజీలు; అమరావతి దగ్గరికొచ్చేసరికి రోమన్ల ప్రభావమంటూ నాలుగు ముక్కలు.

ఆ ప్రభావానికి ఆధారం లేకపోలేదు. నాగార్జునకొండ స్తంభం మీద కొమ్ముపాత్ర పట్టిన అర్ధనగ్న పురుషుడున్నాడు, పరదేశి దుస్తుల్లో ఈటె పట్టిన యోధుడూ ఉన్నాడు. కృష్ణా లోయలో రోమన్ నాణేలు దొరికాయి. అయితే శిల్పి తీసుకున్నది వేషం. కథ చెప్పే తీరు ఇక్కడిదే. చెన్నై మ్యూజియంలోని అమరావతి ఫలకంలో ఒకవైపు మదమెక్కిన నాలాగిరి ఏనుగు మనుషులను తొక్కుతుంటుంది, మరోవైపు అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లుతుంది. మధ్యన గీత లేదు. మేడల మీంచి జనం తొంగిచూస్తుంటారు, ఒక స్త్రీ బెదిరి పక్కకు ఒదిగిపోతుంది. గుండ్రటి చట్రంలో అంత గుంపును ఇరికించినా ఎక్కడా ఊపిరాడనట్టుండదు. గాంధార శిల్పులు చాలాచోట్ల ఘట్టానికొక చట్రం కట్టి విడదీస్తారు. పల్నాటి సున్నపురాయి ఉలికి లొంగుతుంది కనుక, వేలి గోరంత మడత కూడా ఇక్కడ తేలుతుంది. రోమ్ స్పర్శ లేకుండా ఇంత చలనం సాధ్యమా అంటారు కొందరు. క్రీ.పూ. 2వ శతాబ్దపు భర్హుత్ శిల్పాల్లోనే ఒకే చట్రంలో కథంతా నడిపే రీతి కనిపిస్తుంది. మనవాళ్లు అక్కడి నుంచి ముందుకు నడిచారు.

పైగా మనం ఇతరులకు ఇచ్చిన లెక్క ఎవరు రాస్తున్నారు? నాగార్జునకొండలో సింహళ భిక్షువులకు విహారం ఉండేది. కృష్ణా లోయ సున్నపురాయి శిల్పాలు శ్రీలంకలో దొరికాయి. వియత్నాంలోని డాంగ్‌డువాంగ్ బుద్ధుడి కంచు విగ్రహంలో అమరావతి పోలికలను పండితులు గుర్తించారు. పుచ్చుకున్నది పేరాల్లో, ఇచ్చింది పాదసూచికల్లో రాయడం చరిత్ర కాదు, చులకన. ఇకమీదట ఈ రాళ్లు ఏ దేశానికి వెళ్లినా, గోడ మీద రాసే పరిచయంలో ఈ ఇచ్చిన లెక్క కూడా ఉండాలని మన వారసత్వ శాఖ ముందే షరతు పెట్టాలి. నాంపల్లి గదుల్లోనూ అదే మాట తెలుగులో, నిలబడి చదువుకునేంత పెద్ద అక్షరాల్లో ఉండాలి.