తూకం తప్పు

మా నాన్న వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణంలో గుమాస్తా. మిర్చి రేటు పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి ఉంటే ఆయనకేం ఆశ్చర్యం ఉండదు. షేర్ మార్కెట్ మాటెత్తితే మాత్రం, "సత్యం సంగతి యాదికి లేదా?" అంటాడు.

నిజంగానే నాకు యాదికి లేదు, 2009లో నాకు మూడేళ్లు. మొన్న సెలవుల్లో మొదటిసారి కూర్చుని చదివాను.

రామలింగరాజు 1987లో మొదలుపెట్టిన సత్యం కంప్యూటర్స్ అప్పట్లో హైదరాబాద్‌కే గర్వం. 2008 సెప్టెంబర్‌లో కంపెనీని చక్కగా నడుపుతున్నందుకు గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా వచ్చింది. నాలుగు నెలలు తిరగకముందే, 2009 జనవరి 7న ఆయనే లేఖ రాశాడు. లెక్కల్లో చూపించిన నగదులో 5,040 కోట్ల రూపాయలు అసలు లేవన్నాడు. ముందు రోజు 179 రూపాయల దగ్గరున్న షేరు ఆ ఒక్క రోజులో 40 దగ్గరికి పడింది.

నన్ను ఆపేసింది ఈ అంకెలు కాదు. ఆ లేఖ ప్రకారం మోసం వేల కోట్లతో మొదలవలేదు. వచ్చిన లాభానికి, చూపించిన లాభానికి మధ్య కొంచెం తేడాతో మొదలైంది. దాన్ని కప్పడానికి ఇంకో అబద్ధం, ఆ అబద్ధానికి ఇంకోటి. ఏళ్లు గడిచేకొద్దీ అది కంపెనీనే మింగేసింది.

చదువుతుంటే నా సంగతే చదువుతున్నట్టు అనిపించింది. థర్డ్ సెమ్‌లో నేను నిఫ్టీ ఆప్షన్స్ కొనడం మొదలుపెట్టాను. మొదట 1,800 పోయాయి. ఎవరికీ చెప్పలేదు. అవి రాబట్టాలని ఇంకో 4,000 పెట్టాను, అవీ పోయాయి. ఆఖరికి ల్యాబ్ ఫీజు అని నాన్నకు అబద్ధం చెప్పి 5,000 తెప్పించుకున్నాను. ఎక్స్‌పైరీ రోజు సాయంత్రానికి అది కూడా సున్నా.

నేనొక్కడినే కాదని తర్వాత తెలిసింది. 2024లో సెబీ బయటపెట్టిన లెక్క ప్రకారం, 2021-22 నుంచి మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడిన మామూలు జనంలో 93 శాతం మంది నష్టపోయారు. కానీ హాస్టల్‌లో ఎవరిని అడిగినా లాభం వచ్చిన స్క్రీన్‌షాటే చూపిస్తారు. మరి ఆ 93 శాతం ఎక్కడున్నారు? పక్క రూమ్‌లోనే, దాచుకుని ఉన్నారు.

పోయిన ఆదివారం నాన్నకు మొత్తం చెప్పేశాను. తిడతాడనుకున్నా. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "రేటు పడుడు తప్పు కాదు బిడ్డా. తూకం తప్పు చెప్పుడే తప్పు" అన్నాడు.

సత్యం మీద ఇంతకంటే మంచి విశ్లేషణ నేను ఎక్కడా చదవలేదు. అయితే దాన్నుంచి 'మార్కెట్ అంటేనే జూదం' అని నాన్న తీసుకున్న పాఠంతో మాత్రం ఒప్పుకోను. ఆ కుంభకోణం బయటపడిన రోజు సెన్సెక్స్ 9,587 దగ్గర ముగిసింది. సత్యాన్ని ఆ 30 కంపెనీల జాబితాలోంచి తీసేసి సన్ ఫార్మాను పెట్టారు. అదే సెన్సెక్స్ 2024 సెప్టెంబర్‌లో 85,000 దాటింది. సత్యం ఒక్కదాన్నే నమ్ముకున్నవాళ్లు మునిగారు. మొత్తం బుట్ట కొని ఓపిగ్గా కూర్చున్నవాళ్లు మునగలేదు. రేపు కూడా ఇంతే పెరుగుతుందని నేను గ్యారంటీ ఇవ్వలేను. కానీ వారం ఎక్స్‌పైరీ ఆప్షన్‌కీ, నెలకు 500 ఇండెక్స్ ఫండ్‌లో వేయడానికీ ఉన్న తేడా నాకిప్పుడు తెలుసు. రెండోది ఇంట్లో చెప్పి చేయొచ్చు.

ఫ్రెండ్స్, నా అభిప్రాయం ఒక్కటే. ఇంట్లో చెప్పలేని చోట రూపాయి కూడా పెట్టొద్దు. పోతే, పోయిన రోజే చెప్పేయండి. 1,800 దగ్గరే చెప్పి ఉంటే నాకు 9,000 మిగిలేవి.

ఇప్పుడు ట్యూషన్లు చెప్పి నెలనెలా కొంత తిరిగి ఇస్తున్నా. రాత్రి ఫోన్‌లో, "ఇయ్యాల ఎంత పాయె?" అని నాన్న నవ్వుతూ అడుగుతాడు. ఎంతైతే అంత చెప్తున్నా.