పిల్లల తలమీద ఒట్టు వేయించకండి

పొగ మానడం గురించి రాయమంటే మేము సాధారణంగా నల్లబడిన ఊపిరితిత్తుల బొమ్మ ఒకటి, జబ్బుల పట్టిక ఒకటి వేసి ఊరుకుంటాం. ఈసారి అలా కాదు. వార్డుల్లో మా నర్సులం, ఇళ్ళలో మీరు, అందరం మంచి మనసుతోనే చేస్తున్న ఒక పొరపాటు గురించి చెప్పదలచాం.

కొన్నేళ్ళ క్రితం మగవారి వార్డులో ఒక ఆటో డ్రైవరు చేరాడు. నాంపల్లి స్టేషన్ దగ్గర బండి పెట్టేవాడు. వయసు నలభై లోపే. నాలుగడుగులు వేస్తే పిక్క పట్టేసేది, ఆగితే తగ్గేది. కాలి బొటనవేలి మీద పుండు నెలలు గడిచినా మానలేదు. చూస్తే షుగరు లేదు. డాక్టరుగారు పరీక్షలు చేయించి బర్జర్స్ వ్యాధి అన్నారు. బీడీ, సిగరెట్టు అలవాటున్న పడుచు మగవారికి ఎక్కువగా వచ్చే జబ్బు ఇది. కాళ్ళు చేతుల రక్తనాళాలు వాచి, రక్తం గడ్డకట్టి మూసుకుపోతాయి. పొగ పూర్తిగా మానితేనే ఇది ఆగుతుంది. రోజుకు ఒకటి రెండు తాగినా జబ్బు లోపల నడుస్తూనే ఉంటుంది. మానితే కాలు దక్కుతుందని, మానకపోతే చెప్పలేమని డాక్టరుగారు ఆయన ముందే అన్నారు.

డిశ్చార్జి రోజున ఆయన భార్య ఆరేళ్ళ కూతురిని వెంటబెట్టుకొని వచ్చి, "బిడ్డ నెత్తిమీద చెయ్యి పెట్టి చెప్పు" అంది. మేము అక్కడే ఉన్నాం. ఆపలేదు సరిగదా, "చెప్పవయ్యా, అప్పుడైనా గుర్తుంటుంది" అని మేమూ వంత పాడాం. ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకొని ఒట్టు వేశాడు. అది దొంగ ఒట్టు కాదు, ఆ క్షణాన నిజంగానే వేశాడు.

పందొమ్మిదో రోజున ఆటో స్టాండులో ఎవరితోనో మాటా మాటా పెరిగి ఒకటి వెలిగించాడు. ఒక్కటే. ఇంట్లో చెప్పలేదు. మరుసటి వారం పిల్లకు టైఫాయిడ్ జ్వరం వచ్చింది. చొక్కా వాసన చూసిన భార్య, "నువ్వు ఒట్టు తప్పినందుకే బిడ్డకు గిట్లయింది" అని ఏడ్చింది. ఆ మాట విన్న తర్వాత రోజుకు ఒక పెట్టె అయింది. మా ఓ.పి.కి రావడం మానేశాడు. పద్నాలుగు నెలలకు వచ్చినప్పుడు పాదం నల్లబడిపోయి ఉంది. మోకాలి కింది వరకు తీసేయవలసి వచ్చింది. ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదయ్యా అంటే, "ఏం మొఖం పెట్టుకొని రావాలె సిస్టరమ్మా, మీ ముందటనే గదా ఒట్టేసిన" అన్నాడు.

ఆ రాత్రి డ్యూటీలో మాకెవరికీ సరిగ్గా మాట రాలేదు.

పీల్చిన పొగలోని నికోటిన్ పది ఇరవై సెకన్లలో మెదడుకు చేరుతుంది. ఒక్కో సిగరెట్టుకు పది దమ్ములనుకున్నా, రోజుకు ఒక పెట్టె తాగేవారి మెదడు రెండు వందల సార్లు ఆ రుచి చూస్తుంది. అది ఏళ్ళ తరబడి సాగుతుంది. ఆపిన వెంటనే చిరాకు, నిద్రలేమి, ఆకలి, మలబద్ధకం, దేనిమీదా మనసు నిలవకపోవడం మొదలవుతాయి. మొదటి మూడు రోజులు, మొదటి వారం గట్టిగా ఉంటాయి. మూడు నాలుగు వారాలకు చాలావరకు సర్దుకుంటాయి. అయితే ఒక్కసారి లేచిన కోరిక కొద్ది నిమిషాలకే పడిపోతుంది, ఆ సంగతి తెలిస్తే కొంత ధైర్యంగా ఉంటుంది. ఏ సహాయమూ లేకుండా మానిన వారిలో ఏడాది తర్వాత కూడా నిలబడేది నూటికి ముగ్గురు నుంచి అయిదుగురే. మిగిలిన వారందరి చేతా ఒట్టు వేయించి, వారిని మనమే అబద్ధీకులను చేస్తున్నామన్నమాట. మనసు లేక మానడం లేదనుకోవద్దు. 2016-17లో దేశమంతటా జరిగిన పొగాకు సర్వేలో, పొగ తాగేవారిలో సగానికి పైగా మానాలనే ఆలోచనలో ఉన్నామని చెప్పారు.

పైగా ఆ మనిషి డిశ్చార్జి అయి వెళ్ళే దారి చూడండి. అబిడ్స్ జి.పి.ఓ. నుంచి నాంపల్లి స్టేషన్ దాకా ఎన్ని చాయ్ హోటళ్ళు, ఎన్ని పాన్ డబ్బాలు! ఇక్కడ చాలామందికి చాయ్ వేరు, సిగరెట్టు వేరు కాదు. సిగరెట్టుకు చార్మినార్ అని పేరు పెట్టి దేశమంతా అమ్మిన ఊరు మనది. సత్యజిత్ రాయ్ కథల్లోని కలకత్తా డిటెక్టివ్ ఫెలూదా తాగేది కూడా చార్మినారే. చట్టం లేకపోలేదు. 2003లో వచ్చింది, 2008 అక్టోబరు 2 నుంచి బహిరంగ స్థలాల్లో నిషేధం గట్టిపడింది. పెట్టెమీద 85 శాతం మేర హెచ్చరిక, మానాలనుకునే వారికి ఉచిత ఫోను నంబరు కూడా వేస్తున్నారు. కానీ డబ్బా దగ్గర విడిగా ఒక్క సిగరెట్టు కొనేవాడు పెట్టెను చేత్తో పట్టుకోడు. బొమ్మ చూడడు, నంబరూ చూడడు. డబ్బాకు వేలాడే లైటరు ఒక్కటే చూస్తాడు. అందుకని ఆ నంబరు ఇక్కడ ఇస్తున్నాం: 1800-11-2356. తెలుగులో కూడా మాట్లాడతారు.

భయం లేకపోతే ఎవరు మానతారు అని మమ్మల్ని అడిగేవారున్నారు. రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి ఒకసారి తీసుకెళ్ళి చూపిస్తే చాలు అంటారు. భయం మనిషిని ఆసుపత్రి గుమ్మం దాకా తెస్తుంది, నిజమే. పందొమ్మిదో రోజున ఆటో స్టాండులో మాత్రం అది పక్కన ఉండదు. ఒక్క ఒట్టుతో ఒక్కరోజులో మానేసిన పెద్దలు మన సంఘాల్లో ఉన్నారు, వారికి మా నమస్కారం. కానీ జారిపడిన వారి మీద అందరికంటే కఠినంగా ఉండేది కూడా వారే అని మా అనుభవం. ఒట్టు సంగతి కొండమీది ప్రసంగంలో ఏముందో మా కంటే వారికే బాగా తెలుసు.

ఇంకొకటి కూడా చెప్పాలి, పాస్టరుగార్లు మన్నించాలి. మానేసిన రెండో వారంలోనే ఆ మనిషిని ఆదివారం నిలబెట్టి సాక్ష్యం చెప్పించవద్దు. అందరూ చప్పట్లు కొట్టిన తర్వాత జారితే ఎవరితో చెప్పుకుంటాడు? పొగ ఎలాగూ మళ్ళీ పట్టుకుంటుంది, దానితోపాటు గుడికి రావడం కూడా ఆగిపోతుంది. ఒక ఏడాది ఆగండి.

మా పద్ధతి కూడా మార్చుకున్నాం. ఇదివరకు అందరూ కూర్చున్న వరండాలోనే "మానేశావా లేదా?" అని గట్టిగా అడిగేవాళ్ళం. ఇప్పుడు లోపలికి పిలిచి, "ఈ వారం ఎన్ని?" అంటున్నాం. మూడు అంటే మూడు అని రాసుకుంటాం. ఏ పూట, ఎక్కడ, ఎవరితో అని అడుగుతాం. తిట్టం. నికోటిన్ గమ్ 2 మిల్లీగ్రాములది మందుల షాపులో దొరుకుతుంది. అయితే దాన్ని మామూలు బబుల్‌గమ్‌లా గబగబా నమలకూడదు. కాస్త నమిలి, ఘాటు తగలగానే బుగ్గకు, చిగురుకు మధ్య పెట్టి ఉంచాలి. చాయ్ తాగిన వెంటనే వేసుకుంటే ఒంటికి పట్టదు, కనీసం పావుగంట ఆగాలి. మన అబిడ్స్ వారికి ఈ ఒక్క ముక్క చెప్పకపోతే గమ్ దండగే. గుండె, రక్తనాళాల జబ్బున్నవారు డాక్టరును అడగకుండా అది వాడకూడదు. బర్జర్స్ ఉన్నవారికి అసలు పనికిరాదు. వారికి వేరే మాత్రలు ఉన్నాయి, చీటీ మీదే ఇస్తారు.

ఇంట్లో వారు చేయగలిగింది ఆ మూడు నాలుగు వారాలు చిరాకును భరించడం. కేకలేస్తే అది మనిషి కాదు, నికోటిన్ కోసం మెదడు చేసే అల్లరి అనుకోండి. చొక్కాలు వాసన చూడకండి. ఇంట్లో మిగిలిన వాళ్ళు తాగుతుంటే వాళ్ళను బయటికి పంపండి. సిగరెట్టు తెమ్మని పిల్లల చేతికి డబ్బులివ్వకండి.

ఆడవారిని అడగడం మేమే మరచిపోతుంటాం. శ్రీకాకుళం వైపు నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన ఒక మామ్మకు అంగిలి మీద తెల్లటి మచ్చలు చూసి అడిగితే, నలభై ఏళ్ళుగా అడ్డపొగ అని చెప్పింది. చుట్ట వెలిగించిన వైపు నోట్లో పెట్టుకొని తాగడం అన్నమాట. కొడుక్కు తెలుసు, ఎవరూ అడగలేదు గనుక చెప్పలేదట.

ఆ ఆటో ఆయనకు జైపూర్ కాలు పెట్టించారు. కూతురు ఇప్పుడు పదో తరగతి. రెండో కాలు కోసం నెలకొకసారి వస్తున్నాడు. మొన్న వచ్చినప్పుడు ఎన్ని అని అడిగాం. "రెండు, సిస్టరమ్మా. పిల్లను నుమాయిష్‌కు తీసుకపోయిన రోజు" అన్నాడు. ఆ రెండూ ఆ కాలికి ప్రమాదమేనని చెప్పి, రిజిస్టరులో రెండు అని రాసుకొని, నెల రోజులు ఆగకుండా వచ్చే గురువారమే రమ్మన్నాం. వస్తానన్నాడు.