పాత సామాను బేరంలో తడిసిన గింజలు

పాత వస్తువులు కొని అమ్మడం మనవారికి కొత్త వ్యాపారం కాదు. సైకిలుకు గోనెసంచి కట్టుకుని, తక్కెడ పట్టుకుని ఊరూరా తిరిగి పాత ఇనుము కొన్నవారు మన జమాఅతుల్లో ఎందరో ఉన్నారు. ఇప్పుడు పిల్లల చేతిలో సెల్‌ఫోను ఉంది. మండవల్లి, కైకలూరు ప్రాంతాల్లో పగలు చేపల చెరువుల మీదో, మెకానిక్ షెడ్డులోనో పనిచేసే యువకుడు రాత్రిపూట ఓఎల్ఎక్స్‌లోనో, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లోనో ఫొటో పెట్టి పాత ఫ్రిజ్‌నో, మోటారు సైకిలునో అమ్మవచ్చు. ఇది గిట్టుబాటు అవుతుందా, ధర్మసమ్మతమేనా అన్న రెండు ప్రశ్నలూ కలిపే ఆలోచించాలి.

ధర్మం సంగతి ముందు చూద్దాం. అబూ దావూద్ హదీసు సంకలనంలో ఒక సంఘటన ఉంది. ఒక అన్సారీ పేదవాడు సహాయం అర్థిస్తూ దైవప్రవక్త (స) వద్దకు వచ్చాడు. ఇంట్లో ఏమున్నాయని ఆయన విచారించారు. సగం కప్పుకుని సగం పరచుకునే ముతక గుడ్డ ఒకటి, నీళ్లు తాగే పాత్ర ఒకటి ఉన్నాయని తెలిసింది. వాటిని తెప్పించి, అక్కడున్నవారి ఎదుట స్వయంగా వేలం వేశారు. ఒకరు ఒక దిర్హమ్ ఇస్తామన్నారు, మరొకరు రెండు దిర్హమ్‌లకు తీసుకున్నారు. ఒక దిర్హమ్‌తో ఇంటికి తిండి, రెండవదానితో గొడ్డలి కొనిపించి, కట్టెలు కొట్టి అమ్ముకోమని పంపారు. పదిహేను రోజుల తరువాత అతను పది దిర్హమ్‌లు సంపాదించి వచ్చాడు. పెళ్లి సంబంధాల దగ్గర ‘పాత సామాన్ల వాళ్లు’ అని పెదవి విరిచే పెద్దలు ఈ హదీసును ఒకసారి గుర్తు తెచ్చుకోవాలి.

ఇక గిట్టుబాటు మాట. 8,000 రూపాయలకు ఫ్రిజ్ కొని 9,500కు అమ్మారనుకోండి. 1,500 లాభం అనిపిస్తుంది. గుడివాడ నుంచి ట్రాలీ ఆటో కిరాయి 600, డోరు రబ్బరు మార్చడానికి 400 పోతే మిగిలేది 500. చూసిపోయేవారి కోసం ఒక పూట పని మానుకుంటే అందులోనూ ఎంత నిలుస్తుందో లెక్క వేసుకోవాలి. నాలుగు వారాలు అమ్ముడుపోకపోతే పెట్టుబడి కట్టుబడిపోతుంది. ఆ పెట్టుబడి వడ్డీకి తెచ్చినదైతే ఇహమూ పోయింది, పరమూ పోయింది. అందువల్ల చేయి తిరిగిన సరుకునే ముట్టుకోవడం మంచిది. రొయ్యల చెరువుల్లో ఏరియేటర్లు బాగుచేసిన కుర్రవాడు గేరుబాక్సు చప్పుడు విని దాని ఆయుష్షు చెప్పగలడు. విజయవాడ దుకాణదారుకు ఆ విద్య లేదు. అదే ఫోన్ల వ్యాపారంలోకి దిగితే ఆ దుకాణదారుతో ఇతను పోటీపడలేడు.

అసలు పరీక్ష వేరే చోట ఉంది. 2024 సెప్టెంబరు మొదటివారంలో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ పరిసరాలు రోజుల తరబడి మునిగిపోయాయి. ఆ బుడమేరు చివరకు చేరేది మన కొల్లేరుకే. ఆ నీళ్లలో మోటారు సైకిళ్లు, ఫ్రిజ్‌లు, వాషింగ్ మిషన్లు నానిపోయాయి. అలాంటి బండిని కడిగి, పాలిష్ పెట్టి ఫొటో తీస్తే కొత్తదానిలాగే ఉంటుంది. మీటరు అద్దం లోపలి చెమ్మ, సీటు కింద తుప్పు, వైర్ల జాయింట్ల దగ్గర పచ్చని చిలుము ఫొటోలో పడవు. కొన్నవాడికి మూడు నెలల తరువాత తెలుస్తుంది. అతను కూడా మనలాగే నెల జీతం కూడబెట్టి కొన్నవాడే.

దైవప్రవక్త (స) ఒకసారి బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూశారు. లోపల తడి తగిలింది. వాన పడిందని వర్తకుడు చెప్పుకున్నాడు. వాన పడటం అతని తప్పు కాదు. తడిసిన గింజలను జనం చూసేలా పైన ఎందుకు ఉంచలేదని మాత్రమే ఆయన నిలదీశారు. మోసగించేవాడికి తమతో సంబంధం లేదని హెచ్చరించారు. ముస్లిం హదీసు సంకలనంలో ఉన్న ఈ ఉదంతం నేటి ఫొటో ప్రకటనకు అక్షరాలా వర్తిస్తుంది. వరదలో మునిగిన బండి అయితే ప్రకటన మొదటి పంక్తిలోనే ఆ మాట రాయాలి. తుప్పుకు ఒక ఫొటో కేటాయించాలి. ధర తగ్గుతుంది, ఫోన్లు కూడా తగ్గుతాయి. ఆ నష్టం భరించలేనివాడు ఈ వ్యాపారంలోకి రాకపోవడమే మేలు. చూడకుండా కొన్నవాడికి, వస్తువు చూసిన తరువాత బేరం వదులుకునే హక్కును హనఫీ ఫిఖ్‌హ్ ఇచ్చింది. దానిని ఖియారె రూయత్ అంటారు. బయానా పుచ్చుకుని, ఫోను ఎత్తకుండా తప్పించుకునేవారు ఈ హక్కును కాలరాస్తున్నారు.

మరొకరి వస్తువు ఫొటో పెట్టి తనదని అమ్మడం ఇంకో జాడ్యం. తన వద్ద లేనిదాన్ని అమ్మవద్దని హకీమ్ బిన్ హిజామ్ (రజి)కు ప్రవక్త (స) చెప్పారు. యజమాని తరఫున అమ్మిపెట్టి, ముందే ఒప్పుకున్న దలాలీ తీసుకోవచ్చు. అందులో దాపరికం అక్కరలేదు.

ఫోన్ల విషయంలో భయం ఎక్కువ ఉండాలి. స్టార్ హాష్ 06 హాష్ నొక్కితే 15 అంకెల ఐఎంఈఐ నంబరు వస్తుంది. దానిని కేంద్ర టెలికాం శాఖ వారి సంచార్ సాథీలో సరిచూడకుండా పాత ఫోను కొనవద్దు. దొంగసొమ్మని తెలిసి కొన్నవారికి భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద 3 సంవత్సరాల వరకు జైలుశిక్ష ఉంది. కొంటామంటూ వచ్చి క్యూఆర్ కోడ్ పంపేవారితోనూ జాగ్రత్త. డబ్బు పుచ్చుకోవడానికి పిన్ కొట్టనక్కరలేదు. మోసపోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయాలి.

పెట్టుబడి లేదనేవారు ఒక్క సంగతి గమనించాలి. ఆ అన్సారీ సోదరుడు అమ్మినవి తన ఇంటి వస్తువులే. మన అటకల మీద కూడా పిల్లలు ఎదిగి వదిలేసిన సైకిలు, రెండేళ్లుగా ముట్టని మిక్సీ ఉంటాయి. వాటితో మొదలుపెట్టవచ్చు. అయితే ఇల్లాలిని అడగకుండా ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్న బిందెను మాత్రం దించవద్దు. అది ఆమె సొత్తు.