భద్రత దేశానిది... భారం ప్రయాణికుడిదా?
- విమానాశ్రయాల్లో తనిఖీ రుసుముపై స్పష్టత కరవు
- 2019 జులైకి ముందు రూ.130... ఇప్పుడు పన్నుతో రూ.236
- గల్ఫ్ కార్మికులపై అధిక భారం

విమాన టికెట్టు కొన్నప్పుడు అసలు ఛార్జీ ఎంతో అందరూ చూస్తారు. దాని కింద చిన్న అక్షరాల్లో ఉండే పద్దులను చదివేవారు తక్కువ. వాటిలో ఒకటి విమానయాన భద్రతా రుసుము. విమానాశ్రయంలో మన సంచులను యంత్రంలో పెట్టి చూసే సిబ్బందికి, మనల్ని ఆపాదమస్తకం తడిమి పంపే జవానుకు, తుపాకీతో కాపలా కాసే దళానికి అయ్యే ఖర్చును ఈ పద్దు కిందే వసూలు చేస్తున్నారు. కొన్నేళ్లలోనే ఇది పలుమార్లు పెరిగింది. ఇదంతా ప్రయాణికుడే చెల్లించాలా, ప్రభుత్వం భరించాలా, విమానాశ్రయ యాజమాన్యం వాటా ఎంత అన్న ప్రశ్నకు మాత్రం నేటికీ సూటి సమాధానం లేదు.

పెరిగిన తీరు ఇదీ

గతంలో దీనిని ప్రయాణికుల సేవా రుసుములో భాగంగా వసూలు చేసేవారు. అందులో భద్రత వాటా దేశీయ ప్రయాణికుడికి 130 రూపాయలు, విదేశాలకు వెళ్లేవారికి 3.25 డాలర్లు. 2019 జులై 1 నుంచి దీన్ని విమానయాన భద్రతా రుసుముగా మార్చి 150 రూపాయలు, 4.85 డాలర్లు చేశారు. 2020 సెప్టెంబరులో అది 160 రూపాయలు, 5.20 డాలర్లు అయింది. 2021 ఏప్రిల్ 1 నుంచి ఏకంగా 200 రూపాయలు, 12 డాలర్లకు చేరింది. దేశీయ ప్రయాణికుడిపై పెంపు సుమారు 54 శాతం కాగా, విదేశీ ప్రయాణంపై రుసుము రెండేళ్లలోపే మూడున్నర రెట్లు దాటింది.

దేశీయ టికెట్టుపై 200 రూపాయలకు 18 శాతం జీఎస్టీ తోడై 236 రూపాయలు అవుతోంది. భద్రత కోసం కట్టే సొమ్ముపై మళ్లీ పన్ను కట్టడమన్న మాట. రానూపోనూ ప్రయాణమైతే రెండుసార్లు చెల్లించాలి. నలుగురు సభ్యుల కుటుంబం హైదరాబాద్ వెళ్లి వస్తే ఈ ఒక్క పద్దు కిందే 1,888 రూపాయలు అవుతుంది.

రెండేళ్లలోపు పిల్లలకు, దౌత్య పాస్‌పోర్టు ఉన్నవారికి, విధుల్లో ఉన్న విమాన సిబ్బందికి, ఐక్యరాజ్యసమితి శాంతి దళాల విధులపై వెళ్లేవారికి మినహాయింపు ఉంది. ఒకే టికెట్టుపై 24 గంటల్లోగా మరో విమానం మారేవారు రెండోసారి కట్టనక్కర్లేదు. అవే రెండు ప్రయాణాలకు వేర్వేరు టికెట్లు కొంటే ఈ వెసులుబాటు ఉండదు.

కాందహార్ తర్వాతే కేంద్ర దళం

మన విమానాశ్రయాల భద్రత ఒకప్పుడు ఆయా రాష్ట్రాల పోలీసుల చేతిలో ఉండేది. 1999 డిసెంబరు 24న కాఠ్‌మాండూ నుంచి ఢిల్లీ వస్తున్న ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఐసీ-814 విమానాన్ని ఉగ్రవాదులు హైజాక్ చేసి కాందహార్‌కు తరలించారు. ప్రయాణికుల విడుదల కోసం ముగ్గురు ఉగ్రవాదులను వదిలిపెట్టాల్సి వచ్చింది. ఆ అనుభవంతో విమానాశ్రయాలను కేంద్ర పారిశ్రామిక భద్రతా దళానికి అప్పగించాలని కేంద్రం నిర్ణయించింది. 2000 ఫిబ్రవరిలో జైపూర్‌తో మొదలైన ఈ ప్రక్రియ అరవైకి పైగా విమానాశ్రయాలకు విస్తరించింది. విజయవాడ విమానాశ్రయ భద్రతను 2024 జులైలో రాష్ట్ర ప్రత్యేక రక్షణ దళం నుంచి ఈ దళం స్వీకరించింది.

నిబంధనలు రూపొందించేది పౌర విమానయాన భద్రతా సంస్థ, అమలు చేసేది సీఐఎస్ఎఫ్, రుసుము నిర్ణయించేది పౌర విమానయాన మంత్రిత్వ శాఖ, టికెట్టుతోపాటు వసూలు చేసేది విమాన సంస్థలు. ఇందరి మధ్య ప్రయాణికుడికి చెల్లించడమే తప్ప ప్రశ్నించే వేదిక లేదు.

చిన్న విమానాశ్రయాల చిక్కు

ఒక విమానాశ్రయానికి రోజుకు రెండు విమానాలు వచ్చినా, ఇరవై వచ్చినా కొంత భద్రత తప్పనిసరి. ప్రహరీ చుట్టూ కాపలా, తనిఖీ యంత్రాలు, మహిళా సిబ్బంది, మూడు షిఫ్టుల విధులు ఎక్కడైనా ఉండాల్సిందే. పెద్ద నగరాల్లో ఆ ఖర్చు లక్షల మందికి పంచితే తలకు తక్కువ పడుతుంది. చిన్న పట్టణంలో వసూలయ్యే రుసుము జీతాలకే చాలదు. ఈ అంతరాన్ని సర్దడానికే 2019లో జాతీయ విమానయాన భద్రతా రుసుము ట్రస్టును ఏర్పాటు చేసి, వసూళ్లన్నీ ఒకే నిధికి చేర్చారు. ఢిల్లీ, ముంబయి, శంషాబాద్ ప్రయాణికులు కట్టే సొమ్ముతో చిన్న విమానాశ్రయాల లోటు పూడ్చడమే దీని ఆంతర్యం. ఈ ఆలోచన సమంజసమైనదే.

నిధి నిలకడ ప్రయాణికుల సంఖ్యపై ఆధారపడటమే అసలు చిక్కు. కరోనా వేళ 2020 మార్చి 25 నుంచి రెండు నెలలు దేశీయ విమానాలు నిలిచిపోయాయి. విమానాలు ఆగినా కాపలా ఆగదు, జీతాలు ఆగవు. రాబడి పడిపోయిన ఆ కాలంలోనే రెండుసార్లు రుసుము పెరిగింది. ప్రయాణాలు మళ్లీ పుంజుకున్నాక పాత రేటుకు తగ్గించలేదు.

ఉడాన్ పథకం కింద నడిచే విమానాశ్రయాలది మరో లెక్క. 2017 ఏప్రిల్ 27న ప్రధాని ప్రారంభించిన తొలి మార్గాల్లో కడప-హైదరాబాద్ ఒకటి. 2021 మార్చిలో కర్నూలు జిల్లా ఓర్వకల్లు నుంచి విమానాలు మొదలయ్యాయి. ఈ పథకంలో పోలీసు, అగ్నిమాపక సేవలను రాష్ట్ర ప్రభుత్వాలు ఉచితంగా సమకూర్చాలన్నది నిబంధన. అంటే విమానం మొహం చూడని రైతు, కూలీ కట్టే పన్నులోనూ ఆ భద్రతకు వాటా వెళ్తోంది. వరంగల్ జిల్లా మామునూరు విమానాశ్రయానికి 2025లో కేంద్రం పచ్చజెండా ఊపింది. కొత్త విమానాశ్రయం వచ్చిన ప్రతిచోటా ఇదే ప్రశ్న ఎదురవుతుంది.

ఎవరి వాదన వారిది

విమానం ఎక్కేవాడే దాని భద్రతకు చెల్లించాలన్నది ఒక వాదన. బస్సు తప్ప ఎరుగని పేదవాడి పన్నుతో విమాన ప్రయాణికుడికి కాపలా ఎందుకని వీరి ప్రశ్న. అది తోసిపుచ్చదగింది కాదు.

విమాన సంస్థల అంతర్జాతీయ సంఘం ఐఏటీఏ దీనికి భిన్నంగా వాదిస్తోంది. ఉగ్రవాది లక్ష్యం ప్రయాణికుడు కాదు, దేశం. 2001 సెప్టెంబరు 11న న్యూయార్క్‌లో మరణించిన వారిలో అత్యధికులు విమానాల్లో లేరు, భవనాల్లో తమ పనుల్లో ఉన్నారు. కాందహార్ ఉదంతంలో చెల్లించిన మూల్యమూ ప్రయాణికుల జేబులోంచి పోలేదు, దేశమంతా భరించింది. కాబట్టి ఇది సరిహద్దు కాపలా వంటి సార్వభౌమ బాధ్యత అన్నది వీరి మాట. రైల్వే స్టేషన్లో కాపలాకు ప్రయాణికుడి నుంచి విడిగా రుసుము తీసుకోరు. రైల్వే పోలీసుల ఖర్చును రైల్వే శాఖ, రాష్ట్రం చెరి సగం పంచుకుంటాయి. విమానానికి మాత్రం వేరే నీతి ఎందుకన్నది ఆలోచించదగిన అంశం.

విమానాశ్రయ యాజమాన్యాల పాత్ర మూడోది. యంత్రాలు, కెమెరాల కొనుగోలు ఖర్చు ప్రయాణికుల భద్రతా నిధిపై వేయరాదని, వాడుకున్న మొత్తాన్ని తిరిగి జమ చేయాలని 2014లో కేంద్రం ఆదేశించింది. హైదరాబాద్ విమానాశ్రయ సంస్థ దీనిపై హైకోర్టును ఆశ్రయించింది. యంత్రాల ఖర్చు యాజమాన్యంపై పడినా అది యూజర్ ఫీజు రూపంలో తిరిగి టికెట్టులోకే చేరే అవకాశం ఉంది. దుకాణాల అద్దెలు, ప్రకటనలు, వాహనాల పార్కింగ్ ద్వారా వచ్చే రాబడి నుంచి భద్రతకు కొంత వాటా కేటాయించాలన్న సూచనకు ఇక్కడే బలం చేకూరుతోంది.

విదేశాల్లోనూ ఇదే తంటా

అమెరికాలో 2001 దాడుల తర్వాత తనిఖీలను ప్రభుత్వ సంస్థే చేపట్టింది. 2014 జులై నుంచి ఒకవైపు ప్రయాణానికి 5.60 డాలర్లు వసూలు చేస్తున్నారు. అది మొత్తం ఖర్చుకు చాలదు, మిగిలింది బడ్జెట్ నుంచి వస్తుంది. విచిత్రమేమంటే 2013 నాటి చట్టం ప్రకారం ఆ రుసుములో కొంత భాగాన్ని ప్రభుత్వ లోటు తగ్గించేందుకు మళ్లించారు. కెనడాలో 2024 మే నుంచి రుసుము దాదాపు 33 శాతం పెరిగింది. జర్మనీలో 2025 జనవరి నుంచి గరిష్ఠ పరిమితి 10 యూరోల నుంచి 15 యూరోలకు చేరింది. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ సూత్రాలు ప్రయాణికుడి నుంచి భద్రత ఖర్చు రాబట్టడాన్ని అనుమతిస్తాయి. అయితే అసలు ఖర్చుకు మించి వసూలు చేయరాదన్నది అందులోని షరతు.

బడుగులకే బరువు

రుసుము అందరికీ ఒకటే. 2,500 రూపాయల టికెట్టు కొన్నవాడికి 236 రూపాయలంటే తొమ్మిది శాతానికి పైమాటే. 25,000 రూపాయల టికెట్టుకు అది ఒక్క శాతం కూడా కాదు. ఉపాధి కోసం గల్ఫ్ దేశాలకు వెళ్లే కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమ ప్రాంతాల కార్మికుల సంగతి మరీ దయనీయం. వ్యాపారం నిమిత్తం వెళ్లే ధనికుడు కట్టే 12 డాలర్లనే వీరూ కట్టాలి. మన రూపాయల్లో అది వెయ్యి దాటింది. అప్పు చేసి ఏజెంటుకు కట్టి, వీసా సంపాదించుకున్న కూలీకి ఆ వెయ్యి చిన్న మొత్తం కాదు.

ఖర్చు తగ్గించేందుకు కేంద్రం కొన్ని చర్యలు తీసుకోకపోలేదు. 2022లో విమానాశ్రయాల్లో 3,049 సీఐఎస్ఎఫ్ పోస్టులను రద్దు చేసి, వరుసల నిర్వహణ వంటి సున్నితం కాని పనులకు ప్రైవేటు భద్రతా సిబ్బందిని నియమించాలని నిర్ణయించింది. ఆ పొదుపు ఫలం టికెట్టుపై మాత్రం కనిపించలేదు. రుసుము తగ్గలేదు.

చేయాల్సింది ఏమిటి?

భారాన్ని ఒక్కరిపైనే మోపడం కన్నా బాధ్యతను బట్టి పంచడం న్యాయం. హైజాకింగ్ నిరోధం, సాయుధ కాపలా దేశ రక్షణలో భాగం గనుక బడ్జెట్ నుంచి భరించాలి. ప్రయాణికుడి, అతని సామాను తనిఖీకి అయ్యే ఖర్చు మేరకే రుసుము ఉండాలి. యంత్రాల వ్యయంలో వాణిజ్య రాబడి గల పెద్ద విమానాశ్రయాలు వాటా పంచుకోవాలి. భద్రతా రుసుముపై జీఎస్టీని తొలగించాలి. తక్కువ ధర టికెట్లకు, ఉపాధి వీసాపై వెళ్లే కార్మికులకు రాయితీ కల్పించాలి. అన్నింటికీ మించి ఏ విమానాశ్రయం నుంచి ఎంత వసూలైంది, ఎక్కడ ఎంత ఖర్చయింది అన్న ట్రస్టు లెక్కలను సామాన్యుడికి అర్థమయ్యేలా ఏటా ప్రజల ముందుంచాలి. అప్పుడే పెంపు అవసరమో కాదో తేలుతుంది.

ప్రయాణికులూ ఒక హక్కు తెలుసుకోవాలి. టికెట్టు రద్దు చేసుకున్నా, విమానం అందుకోలేకపోయినా చట్టబద్ధమైన పన్నులను, ప్రయాణికుల సేవా రుసుమును, యూజర్ ఫీజును తిరిగి ఇవ్వాలని 2016 నుంచి పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ నిబంధన ఉంది. అసలు ఛార్జీ వాపసు రాని రాయితీ టికెట్లకూ ఇది వర్తిస్తుంది. ఎక్కని విమానానికి తనిఖీ ఉండదు, తనిఖీ లేనప్పుడు ఆ రుసుమును సంస్థ ఉంచుకునే హక్కూ లేదు. అడిగి తీసుకోవాల్సిన బాధ్యత మాత్రం ప్రయాణికుడిదే.