పేరులో మత్తు లేదు

ఒడిశాలోని గంజాం జిల్లా పేరు వినగానే గంజాయి గుర్తొచ్చి నవ్వేవాళ్లున్నారు. ఆ పోలిక చెవికే. గంజాయి రకానికి వేసే 'ఇండికా' ముద్రా అంతే. 1785లో ఫ్రెంచి వృక్షశాస్త్రవేత్త లామార్క్ భారతదేశం నుంచి వెళ్లిన మొక్కను చూసి పెట్టిన పేరు అది; విత్తనాల వ్యాపారులు దాన్నే నిద్రపుచ్చే రకంగా అమ్ముతున్నారు. జన్యు పరీక్షల్లో ఇండికా, సటైవా అనే రకాల చీటీలకూ మొక్కల వంశాలకూ పొంతన అంతంతమాత్రమే. సంకరాలు అన్నిటినీ కలిపేశాయి. పనిచేసేవి గంజాయిలోని రసాయనాలైన టీహెచ్‌సీ, సీబీడీల పాళ్లు, మోతాదు. వాడినవాళ్లకు నిద్ర పడుతోంది కదా అంటారు. పట్టవచ్చు, అది పేరు మహిమ కాదు.

కొన్ని అరుదైన మూర్ఛలకు 2018లో అమెరికా అనుమతించిన మందు శుద్ధిచేసిన సీబీడీ. గంజాంలోని బరంపురం రోగికైనా కావలసింది అలా కొలిచిన మందే, గంజాయి పొట్లం కాదు. మన 1985 మాదకద్రవ్యాల చట్టమూ రకాలు చూడదు: పూతను గంజాయి అంటుంది, విడి ఆకును అనదు.