తొండ ముదిరితే ఊసరవెల్లి కాదు

'తొండ ముదిరి ఊసరవెల్లి అయింది' అని మనుషుల గురించి అనుకుంటే నాకు పేచీ లేదు. కానీ దాన్ని నిజమనే నమ్మేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. బీర్కూర్‌ ఊళ్లో కంచె మీద గొంతు ఎర్రబరుచుకుని తల ఊపే జీవిని చూపించి 'అదిగో ఊసరవెల్లి' అంటారు. అది తొండ. ఎన్నేళ్లు బతికినా తొండే. రెండింటి కుటుంబాలే వేరు.

పోల్చుకోవడం కష్టమేమీ కాదు. తొండకు వేళ్లు విడివిడిగా, సన్నగా ఉంటాయి. అలికిడైతే పరుగు తీస్తుంది. ఊసరవెల్లికి పరుగు చేతకాదు. ఒక అడుగు ఎత్తి, గాలికి కదిలే ఆకులా ముందుకీ వెనక్కీ ఊగి, అప్పుడు దించుతుంది. దాని ఐదు వేళ్లూ రెండు జట్లుగా అతుక్కుని కొమ్మను పట్టకారులా బిగిస్తాయి. తోక చుట్టుకుంటుంది. ఒక కన్ను మీ వైపు తిరిగి ఉంటే రెండోది వెనకున్న పురుగును వెతుకుతుంటుంది. ప్రపంచంలో రెండు వందలకు పైగా ఊసరవెల్లి జాతులున్నాయి, వాటిలో సగం దాకా మడగాస్కర్‌వే. మన దేశానికి ఉన్నది ఒక్కటే జాతి.

అది ఎప్పుడో గాని కంటపడదు. పడగానే ఈమధ్య వినిపిస్తున్న మాట, 'ఇక్కడ వదిలేస్తే ఎవరో ఒకరు చంపేస్తారు, ఇంట్లో పెంచుకుంటే బతుకుతుంది కదా' అని. జాలితో అనే మాటే, కాదనను. కానీ ఆ జాలి దాని ప్రాణం తీస్తుంది.

గిన్నెలో నీళ్లు పెడతారు. నిలిచిన నీటిని అది సాధారణంగా గుర్తుపట్టదు. ఆకుల మీద మంచుబొట్లను, వానచుక్కలను నాకి బతికే జీవి, నిండు గిన్నె పక్కనే దాహంతో ఎండిపోతుంది. ఎండ తగలాలని కిటికీ దగ్గర పెడతారు. ఎముకలు గట్టిపడటానికి కావలసిన అతినీలలోహిత కిరణాలను అద్దం ఆపేస్తుంది. కొన్నాళ్లకు కాళ్లు వంకర్లు పోతాయి. ఆడదైతే గుడ్లు పెట్టడానికి చెట్టు దిగి నేల తవ్వాలి. అట్టపెట్టెలో ఏం తవ్వుతుంది?

అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది రంగుల ఆట. ఎర్రగుడ్డ మీద పెడితే ఎరుపు, పచ్చగుడ్డ మీద పెడితే పచ్చ అవుతుందని పిల్లలకు చూపించబోతారు. అది కింద ఉన్న గుడ్డను చూసి రంగు మార్చదు. వేడి, వెలుతురు, భయం, కోపం, జత కోరిక, ఇవే దాని రంగును నడిపేవి. మడగాస్కర్ పాంథర్ ఊసరవెల్లి చర్మకణాల్లోని సూక్ష్మ స్ఫటికాల మధ్య ఎడం మారడం వల్లే రంగు మారుతోందని జెనీవా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో తేల్చారు. చేతుల్లో పడ్డ మన ఊసరవెల్లి నల్లబడితే, అది మనకు భయపడిందని అర్థం. మనం దానికి చప్పట్లు కొడుతున్నాం.

విదేశాల్లో పెంచుతున్నారు కదా అంటారు. అక్కడ ఎక్కువగా కనిపించే యెమెన్ ఊసరవెల్లి తరతరాలుగా బోనుల్లోనే పుట్టి పెరుగుతున్నది. దానికీ ప్రత్యేక దీపాలు, తుంపర యంత్రాలు, బతికున్న పురుగులు కావాలి. వన్యప్రాణుల అంతర్జాతీయ వర్తక ఒప్పందం కింద ఉన్న అలాంటి జాతులను ఇక్కడ ఉంచుకుంటే 2024 నిబంధనల ప్రకారం ప్రభుత్వ పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేయాలి. మన అడవి ఊసరవెల్లి సంగతి అది కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టడం, ఇంట్లో ఉంచుకోవడం నేరం.

దాన్ని కాపాడాలంటే చూడాల్సింది పొద వైపు. నిజాంసాగర్ జలాశయం నీళ్లొచ్చాక మంజీర నది పక్కన వరి పరుచుకుంది, అది మన అన్నం, దాన్ని తప్పుపట్టను. కానీ పొలం అంచున మిగిలిన తుమ్మ, రేగు పొదలను కూడా తగలబెట్టి, గట్టు మీద గడ్డిమందు కొట్టి, పురుగులు లేకుండా చేసి, ఆ తర్వాత ఒక ఊసరవెల్లిని పంజరంలో పెట్టి దయ చూపించామనుకోవడం నేను ఒప్పుకోను.

రోడ్డు మీద కనిపిస్తే బండి ఆపండి. ఒక పుల్ల అందిస్తే తనే ఎక్కుతుంది. అది వెళ్తున్న వైపే, దగ్గరి చెట్టు మీద దించండి. గాయపడితే అటవీ శాఖకు ఫోన్ చేయండి. ఇంటికి మాత్రం తేకండి.